నిప్పునకు గాలి కొలుచు విద్య

నిప్పు రాజేయుట సులభము. దానిని ప్రజ్వలింపజేయుట అంతకన్నను సులభము. కాని రాజుకొన్న నిప్పును ఆరనీయక, పెచ్చు పెరుగనీయక, ఒకే మేరయందు ఒక పగలును ఒక రాత్రియు నిలిపియుంచుట ఎంతటి నేర్పరికైనను కఠినమైన పని. కుమ్మరి ఆవమును, కమ్మరి కొలిమిని, వంటవాడు పొయ్యిని ఎరిగియుండుట యనగా తుదకు ఈ మూడవ పనిని ఎరిగియుండుటయే.

ఇటీవలి కాలమున అమెరికా సంయుక్త రాష్ట్రములయందు, అందును టెక్సాసు, మిస్సోరీ, టెనెస్సీ, కరొలీనా మొదలగు ప్రాంతముల యిండ్ల పెరళ్లలో, బొగ్గుసెగపై మాంసమును పొగబెట్టి వండు ఇనుప పీపాల ప్రక్కన, అరచేతిలో ఇముడునంతటి పెట్టె యొకటి కానవచ్చుచున్నది. దానినుండి ఒక తీగ పీపాలోనికి పోయి అందలి వేడిమిని తెలిసికొని వచ్చును. వేరొక తీగ పీపా అడుగున బిగించిన చిన్న ఫానునకు పోయి ఎంత గాలి ఊదవలయునో ఆనతిచ్చును. ఇట్టివి నేడు అంగళ్లలోను దొరకును గాని, మనము ముచ్చటించుకొనుచున్నది ఇంటి యజమాని తానే విడిభాగములు తెచ్చి, టంకము వేసి, లెక్క వ్రాసి కూర్చుకొన్న పెట్టెను గూర్చి. చూచుటకు నిన్నమొన్నటి వేడుకవలె నున్న ఈ వస్తువునకు నాలుగువందల యేండ్ల వంశావళి కలదు. ఆ వంశమున రసవాదులు, కోడిపిల్లల వర్తకులు, బడిపంతుళ్లు, నౌకాశాస్త్రజ్ఞులు కలరు. వారి వెనుక ఏ దస్తరమునను పేరెక్కని నిప్పు కాపరులును కలరు. ఈ రెండు తెగలవారికి గల సంబంధమును విచారించినగాని ఆ పెట్టె స్వరూపము మనకు పూర్తిగా బోధపడదు.

ముందుగా ఆ వంటకు అంత నిలుకడయైన సెగ యేల కావలసివచ్చెనో తెలిసికొనవలెను. పశువు రొమ్ముభాగమున నుండు బ్రిస్కెట్ అను కండయు, పంది భుజపు కండయు ప్రాణి బ్రతికియున్నంతకాలము శరీరభారమును మోయునవి. అందుచేత వానియందు కొల్లాజెను అను బంధక ధాతువు మిక్కుటముగా నుండును. పెద్దమంటపై వేసినచో పైభాగము మాడి, లోభాగము తోలువలె సాగును. 107 నుండి 121 సెంటిగ్రేడు డిగ్రీల వరకు, అనగా అమెరికనుల లెక్కలో 225 నుండి 250 ఫారన్‌హీటు డిగ్రీల వరకు గల మందోష్ణమున, పది పండ్రెండు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నిలిపినప్పుడు, ఆ ధాతువు క్రమక్రమముగా జెలటినుగా కరగి కండను మృదువొనర్చును. ఇందొక చిక్కు గలదు. కండ నడిమి వేడిమి 65 మొదలు 75 డిగ్రీల లోపలికి వచ్చుసరికి, అది గంటల తరబడి పైకెక్కక నిలిచిపోవును. పైభాగమునుండి ఆవిరియగు తడి తనతో కొనిపోవు వేడియు, పీపా ఇచ్చు వేడియు సరితూగుటయే దీనికి కారణము. అనుభవము చాలనివాడు ఈ స్తంభనమును చూచి కంగారుపడి నిప్పు పెంచును. తెలిసినవాడు సెగను ఉన్నదున్నట్లే ఉంచి వేచియుండును. ఆ తడి తగ్గిన పిమ్మట వేడిమి మరల పెరుగ నారంభించి, 93 డిగ్రీల చెంత మాంసము పక్వమగును.

మన పల్లెలయందు దాలిలో పిడకల సెగమీద పాలకుండ నుంచి, ప్రొద్దెక్కినది మొదలు సాయంకాలమువరకు పాలు ఎఱ్ఱబారునట్లు కాచుటను చూచినవారికి ఈ మందాగ్ని మర్మము క్రొత్తది గాదు. అచటను మంట కనబడరాదు, నిప్పు ఆరరాదు. అయితే దాలిలోని పిడక బూడిద కప్పుకొని తనంత తానే అణగియుండును. కట్టెబొగ్గునకు అట్టి సాధుత్వము లేదు. గాలి తగిలినకొలదియు అది చెలరేగును, తగులకున్న చల్లారును. ఈ స్వభావమే మన కథకంతటికిని మూలము.

ఈ పాకపద్ధతి యొక్క పూర్వము కరీబియను సముద్రపు దీవులలో నున్నది. అచటి ఆదివాసులు కఱ్ఱలతో మంచె కట్టి, క్రింద కొద్దిపాటి నిప్పుంచి, చేపలను, వేటమాంసమును దానిపై నిదానముగా కాల్చుకొనుటను 16వ శతాబ్దపు స్పానిష్ చరిత్రకారుడు ఒవియేడో మొదలగువారు చూచి వ్రాసిరి. ఆ పద్ధతి ఉత్తర అమెరికాలోని దక్షిణ ప్రాంతములకు చేరి, అచట నేలలో త్రవ్విన పొడవాటి కందకముగా రూపొందెను. ఒక ప్రక్కన హికరీ, ఓక్ కట్టెలను కాల్చి, ఆ కణకణలాడు నిప్పులను పారతో తెచ్చి కందకమున పరచి, పైన కఱ్ఱలపై మాంసము నుంచి రాత్రియంతయు కాచుట ఆ ప్రాంతపు సంబరములకు ఆచారమయ్యెను. జార్జి వాషింగ్టను 1769 మే నెలలో అలెగ్జాండ్రియా పట్టణమున జరిగిన అట్టి విందునకు పోయి రాత్రి అచటనే యుండినట్లు తన దినచర్యలో వ్రాసికొనెను. విందునకు వచ్చినవారి పేర్లు ఇట్లు కాగితముల కెక్కినవి. కందకము ప్రక్కన తెల్లవార్లు మేల్కొని నిప్పులు సర్దినవారో, ఆఫ్రికానుండి బలవంతముగా తేబడిన బానిసలును, వారి సంతతివారును. వారి పేర్లు వ్రాసికొనిన దొర యరుదు. వారికి ఉష్ణమాపకము లేదు. సెగమీద అరచేయి పట్టి ఎంతసేపు ఓర్చుకొనగలిగిన ఎంత వేడియో, పొగ తెల్లగా చిక్కబడిన ఏమి లోపమో, సన్నగా నీలివన్నెకు తిరిగిన ఏమి శుభమో వారి చర్మమునకును కన్నులకును తెలియును. దాస్యవిమోచనము తరువాత ఆ విద్యయే వారిలో పలువురకు స్వతంత్ర జీవనోపాధి యయ్యెను.

టెక్సాసు మధ్యభాగమున ఈ విద్యకు మరియొక శాఖ పుట్టెను. జర్మనీనుండియు, చెక్ దేశమునుండియు వలసవచ్చిన మాంసవర్తకులు, అంగడిలో మిగిలిన కండలను ఇటుక పొయ్యిలలో ఓక్ కట్టెల పొగకు పెట్టి, కాగితములలో చుట్టి అమ్మిరి. లాక్‌హార్టు పట్టణమున 1900లో నెలకొల్పబడిన క్రూజ్ మార్కెట్ అట్టివానిలో నేటికిని ప్రసిద్ధమైనది. ఆ రాష్ట్రపు మెట్టభూములలో మెస్కీటు అను ముండ్లచెట్టు కట్టెయు వాడుకలో నున్నది. ఈ చెట్టు వంశము మనకు బొత్తిగా అపరిచితము గాదు: దాని దాయాదియైన సర్కారు తుమ్మ అమెరికా ఖండమునుండి గింజలుగా వచ్చి 1877 ప్రాంతమున కడప సీమలో నాటబడి, నేడు రాయలసీమ, తెలంగాణ బీళ్ల నాక్రమించి, బొగ్గుబట్టీల వారికి ముఖ్యాధారమై యున్నది. టెక్సాసువారు ఏ సువాసన కొరకు మెస్కీటును కోరుదురో, మన బట్టీలవారు ఏ గట్టి బొగ్గు కొరకు సర్కారు తుమ్మను నరుకుదురో, ఆ రెండు గుణములును ఒక కుటుంబమునకు చెందినవే.

కందకము పెరటిలో ఇముడదు. 20వ శతాబ్దమున పట్టణములు విస్తరించి, ప్రతి యింటికిని చిన్న పచ్చిక బయలు ఏర్పడిన పిమ్మట, ఆ వంటను ఒక పాత్రలోనికి ఇమిడ్చుట అవసరమయ్యెను. చమురు పీపాలను నిలువుననో అడ్డముననో కోసి పొయ్యిలుగా మార్చుట చేతిపనివారు చేసిన మొదటి యుపాయము. 1952లో చికాగో చెంత వెబర్ సోదరుల లోహపు కర్మాగారమున పనిచేయుచుండిన జార్జి స్టీఫెను, నౌకలకు దారి చూపు తేలుడు బోయాల కొరకు సిద్ధపరచిన లోహపు గుండును సగముగా తీసికొని, దానికి మూడు కాళ్లు, ఒక మూత, గాలి కొరకు రంధ్రములు అమర్చి క్రొత్త పొయ్యిని కల్పించెను. యుద్ధానంతరమున జపానునుండి తిరిగివచ్చిన అమెరికను సైనికులు కొందరు అచటి కమాడో అను మట్టిపొయ్యిలను వెంట తెచ్చుకొనిరి. 1974లో అట్లాంటాలో ఆరంభమైన వ్యాపార మొకటి వానిని పింగాణీ రూపమున దేశమంతట వ్యాపింపజేసెను. 1981లో వెబర్ వారు నిలువుపాటి పొగపీపాను విపణికి తెచ్చిరి. ఈ పాత్ర లన్నింటిలో ముఖ్యమైన విశేష మొక్కటే: మూత, అడుగున గాలి వచ్చు తూము, పైన పొగ పోవు తూము. కందకమున నిప్పునకు ఆకాశమంత గాలి యుండెను. అందుచేత కాపరి నిప్పునే ఎక్కువ తక్కువలు చేయవలసివచ్చెను. మూత బిగించిన పాత్రయందు నిప్పు మునుపే సమృద్ధిగా పోసియుండును. దానికి పంచిపెట్టవలసినది గాలి మాత్రమే.

బొగ్గు రూపమును ఇదే కాలమున మారెను. పెన్సిల్వేనియా వాసి ఎల్స్‌వర్తు జ్వోయర్ 1897లో బొగ్గుపొడిని ముద్దచేసి బిళ్లలుగా అచ్చువేయుటకు హక్కుపత్రము (పేటెంటు) పొందెను. 1920 దశకమున హెన్రీ ఫోర్డు, మిచిగనులో తన మోటారుబండ్ల కొరకు కోసిన కలపనుండి మిగిలిన ముక్కలను వ్యర్థము కానీయక అట్టి బిళ్లలుగా చేయించి విక్రయించెను. ప్రతి బిళ్లయు ఒకే పరిమాణమున, ఇంచుమించు ఒకే వేగమున కాలుటచే, ఇంత గాలికి ఇంత వేడి యను లెక్కకు మొదటిసారిగా అవకాశము కలిగెను. ఒక కిలో శుద్ధమైన బొగ్గు సంపూర్ణముగా కాలుటకు రమారమి రెండున్నర కిలోలకు మించిన ప్రాణవాయువు, అనగా 9 ఘనపు మీటర్లకు పైబడిన గాలి కావలెను. ఆ గాలి ఒక గంటలో లోపలికి పోయిన పెనుమంట. పది గంటలలో పోయిన మందాగ్ని. బొగ్గు అదే, పాత్ర అదే. భేదమంతయు గాలిని కొలిచి పోయుటయందున్నది.

ఈ సత్యమును ఉపకరణముగా మలచిన మొదటివాడు, మనకు తెలిసినంతలో, హాలండు దేశస్థుడు కొర్నేలిస్ డ్రెబెల్. 1572లో ఆల్క్‌మార్‌లో జన్మించి, ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ ఆశ్రయమున నుండి, థేమ్స్ నదిలో నీటి అడుగున పోవు పడవను నడిపి అందరిని అచ్చెరువందించిన ఈ విచిత్ర ప్రతిభాశాలికి రసాయనపు కొలుముల వేడిమిని నిలుకడగా నుంచవలసిన యవసరము కలిగెను. కొలిమిలో సారాయి నింపిన గొట్టమును, దానికి జోడుగా పాదరసము గల వంపు గొట్టమును అతడు అమర్చెను. వేడి పెరిగిన సారాయి వ్యాకోచించి పాదరసమును పైకి నెట్టును. పాదరసముపై తేలు కడ్డీ లేచి గాలిదారిని మూయును. నిప్పు తగ్గి సారాయి చల్లబడిన కడ్డీ దిగి దారి తెరచును. ఇదే ఉపాయముతో గ్రుడ్లు పొదుగు పెట్టెయు కల్పింపబడెను. 1633లో అతడు మరణించిన పిమ్మట కఫ్లర్ వంశజులైన అల్లుండ్రు ఆ విద్యను కాపాడిరి. మనుష్యుడు చూడకయే నిప్పు తన గాలిని తాను సరిచేసికొనుట లోకమున ఇదియే మొదలని యంత్రచరిత్రకారులు గణింతురు.

గ్రుడ్లు పొదుగుట ఈ కథలో తడవ తడవకు వచ్చుట యాదృచ్ఛికము గాదు. ఐగుప్తు దేశమున ప్రాచీనకాలమునుండి మట్టిపొయ్యిలలో వేలకొలది గ్రుడ్లను పొదిగించు కుటుంబములు కలవు. వారు గ్రుడ్డును కనురెప్పకు తాకించి వేడి తగినదో కాదో నిర్ణయించెడివారు. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు రోమ్యూర్ ఆ విద్యను శ్రద్ధతో విచారించి 1749లో గ్రంథము ప్రకటించెను. అతని దేశస్థుడే యైన బొన్నెమాఁ 1777లో మరియొక మెట్టెక్కెను: రెండు వేరువేరు లోహములు వేడికి వేరువేరుగా వ్యాకోచించుటను ఆధారముగా గొని, వానికి తులాదండము తగిలించి, నీళ్లు కాచు కొలిమికి గాలి వచ్చు తలుపును తెరచి మూయు ఉపకరణమును నిర్మించి, దాని బలముతో పారిస్ చెంత కోడిపిల్లలను పెంచి అమ్మెను. ఫ్రెంచి విప్లవముతో ఆ వ్యాపారము నశించినను లోహభేదముతో నడచు ఆ పద్ధతి నిలిచెను. 1830లో స్కాట్లండు రసాయనవేత్త ఆండ్రూ యూర్ వేడికి వంగు లోహపు బద్దలతో నిర్మించిన, వేడిని అదుపుచేయు నియామకమునకు హక్కుపత్రము పొందెను. మిల్లుల శాలలలో వేడి హెచ్చుతగ్గులు కాకుండ చూచుట అతని యుద్దేశము. ఈవిధముగా కోడిగ్రుడ్ల కొరకు పుట్టిన విద్య బట్టల మిల్లునకు చేరెను.

ఆ పిమ్మటి యడుగు అమెరికాలో పడెను. విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటరు ఉపాధ్యాయ పాఠశాలలో అధ్యాపకుడైన వారెన్ జాన్సను, తరగతి గది చల్లబడినదో వేడెక్కినదో చూచుటకు నౌకరు మాటిమాటికి తలుపు తెరచుకొని వచ్చి పాఠమునకు భంగము కలిగించుటను సహింపలేక, గదిలో ఒక విద్యుత్ ఉష్ణసూచకమును అమర్చి, అది క్రింది అంతస్తున కొలిమి చెంతనున్న నౌకరునకు గంట మ్రోగించునట్లు చేసి, 1883లో హక్కుపత్రము పొందెను. ఇచట యంత్రము చూచుట మాత్రమే చేసినది. తలుపు త్రిప్పినది నౌకరే. రెండేండ్లకు మిన్నియాపొలిస్‌లో స్విట్జర్లండునుండి వచ్చి స్థిరపడిన ఆల్బర్టు బట్జ్ ఆ చేతిపనిని కూడ యంత్రమునకు అప్పగించెను. గది చల్లబడిన విద్యుత్ వలయము కలిసి, చిన్న మోటారు సగము చుట్టు తిరిగి, గొలుసు లాగి, బొగ్గుకొలిమికి గాలితలుపు తెరచును. గది తగినంత వెచ్చబడిన మరి సగము చుట్టు తిరిగి తలుపు మూయును. మంచు కురియు ఉదయమున నేలమాళిగకు దిగి కొలిమిని ఎగద్రోయవలసిన గృహస్థునకు ఇది వరమయ్యెను. హనీవెల్ అను పేర వాసికెక్కిన మహాసంస్థకు ఈ గాలితలుపే బీజము. నేటి పెరటి పెట్టె చేయు పనికిని, బట్జ్ గొలుసు చేసిన పనికిని సూత్రమున భేదము లేదు. అచట ఇల్లు, ఇచట పీపా.

అయినను తెరచుటయు మూయుటయు తప్ప వేరెరుగని యంత్రమునకు ఒక దోషము గలదు. తలుపు తెరచిన వెంటనే నిప్పు పెరుగదు. పెరిగిన నిప్పు తలుపు మూసిన వెంటనే అణగదు. అందుచేత కోరిన మేరను దాటి వేడెక్కుట, దాటి చల్లబడుట, మరల దాటి వేడెక్కుట సంభవించుచుండును. ఇల్లు పెద్దది కనుక గదిలోనివారికి ఆ యూగిసలాట అంతగా తెలియదు. చిన్న పీపాలోని మాంసమునకు తెలియును. ఇంజనీరు వాట్ 1788లో ఆవిరియంత్రమునకు తగిలించిన వేగనియామకము కూడ కొన్ని సమయములందు ఇట్లే ఊగిసలాడుటచే, భౌతికశాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ 1868లో దాని కారణములను గణితముతో విచారించెను. కాని సంపూర్ణమైన ఉత్తరము సముద్రముమీదినుండి వచ్చెను. రష్యాలో జన్మించి అమెరికా నౌకాదళమునకు పనిచేసిన నికొలాస్ మినోర్‌స్కీ, ఓడ నడుపు చుక్కాని పట్టు నావికులను జాగ్రత్తగా పరిశీలించి, నేర్పరియైనవాడు మూడు విషయములను ఏకకాలమున లెక్కగొనునని గ్రహించెను: ఇప్పుడు ఓడ దారినుండి ఎంత తొలగియున్నది, ఇంతవరకు మొత్తముమీద ఎంత తొలగుచు వచ్చినది, ఇకముందు ఎంత వేగముగా తొలగబోవుచున్నది. వర్తమానము, గతము, భావి అను ఈ మూటికిని మూడు గుణకము లిచ్చి కలిపిన సూత్రమును అతడు 1922లో ప్రకటించెను. న్యూ మెక్సికో అను యుద్ధనౌకపై దానిని పరీక్షించిరి. 1942లో టేలర్ ఉపకరణముల సంస్థకు చెందిన జీగ్లర్, నికొల్స్ అను ఇద్దరు ఇంజనీర్లు ఆ మూడు గుణకములను ఏ యంత్రమునకైనను నిర్ణయించుకొను ఆచరణయోగ్యమైన విధానమును ప్రచురించిరి. అటుపిమ్మట నూనెశుద్ధి కర్మాగారములు, కాగితపు మిల్లులు, రసాయనశాలలు ఈ త్రిగుణ సూత్రము చేతనే నడచుచున్నవి.

ఇంత ఘనమైన విద్య పెరటిలోనికి మరల వచ్చుటకు రెండు అవాంతరములు తొలగవలసియుండెను. మొదటిది వేడిని చవుకగా కొలుచుట. 1821లో శాస్త్రజ్ఞుడు సీబెక్, రెండు లోహముల అతుకునకు వేడి తగిలిన విద్యుత్ప్రభావము పుట్టునని కనుగొనెను. 1833లో శాస్త్రజ్ఞుడు ఫారడే, వెండి గంధకిదము వేడెక్కినకొలది విద్యుత్తునకు సుగమమగుటను గుర్తించెను. ఈ రెండవ గుణము గల పదార్థములతో చేయు పూస వంటి థెర్మిస్టరు నేడు కొద్ది పైకమునకు దొరకును. దాని నిరోధమునుండి వేడిని లెక్కించు సూత్రమును స్టైన్‌హార్ట్, హార్ట్ అను శాస్త్రజ్ఞులు 1968లో సముద్రజలపు వేడిమిని కొలుచుట కొరకు వ్రాసిరి. ఆ సూత్రమే నేడు ధూమపాకమునకు ఉపకరించుచున్నది. రెండవది లెక్క చేయు బుఱ్ఱ. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణమున, ఇంజనీర్లు కాని విద్యార్థులకు సైతము సులభముగా నుండవలెనని ఆర్డువినో అను చిన్న పలకను కల్పించిరి. దాని నిర్మాణ రహస్యము లన్నియు బహిరంగపరచిరి. 2012లో ఇంగ్లండునుండి రాస్ప్‌బెర్రీ పై అను చేతిపాటి కంప్యూటరు వెలువడెను. ఈ శతాబ్దపు మొదటి దశకముననే పొగపీపాలకు అమర్చు ఫానులు అంగడికి వచ్చియుండెను. ఈ పలకలు వచ్చిన పిమ్మట అభిరుచి గలవారు అట్టి వానిని తామే నిర్మించి, తమ లెక్కలను ఒకరితో నొకరు పంచుకొనసాగిరి.

నిర్మాణము చూచుటకు సరళము. మాంసముంచు జాలీకి ఒక థెర్మిస్టరు తగిలించుదురు. దాని విద్యుత్ సంకేతమును పలక 0 మొదలు 1023 వరకు గల అంకెగా మార్చుకొని డిగ్రీలుగా లెక్కించును. కోరిన వేడికిని ఉన్న వేడికిని గల తేడానుబట్టి 12 వోల్టుల చిన్న ఫాను ఎంతసేపు తిరుగవలెనో ఎంతసేపు ఆగవలెనో నిర్ణయించును. పీపాకు గల తక్కిన తూములను మూసివేసి, ఫాను గొట్టమును ఒక్కదానినే గాలిదారిగా ఉంచి, పైన పొగ పోవుటకు కొద్ది సందు మాత్రము విడుతురు. మాంసము నడుమ గ్రుచ్చిన రెండవ సూచి పక్వదశను తెలుపును.

పని ఆరంభించిన పిమ్మటగాని ఇందలి కష్టములు బయటపడవు. ఫాను ఆగియున్నను పొగకొట్టపు లాగుడుకు దాని గుండనే గాలి చొరబడును. అందుచేత ఒక రేకు తలుపును చిన్న మోటారుతో తెరచి మూయునట్లు కూర్చవలసివచ్చును. బట్జ్ గాలితలుపు ఇచట మరల ప్రత్యక్షమగును. మూత అంచున వెండ్రుకవాసి సందున్నను ఈదరగాలి వీచిన రాత్రి లెక్క తప్పును. అన్నిటికన్న చిత్రమైనది మూత తెరచుట. వంటవాడు మాంసమును చూచుటకు మూత ఎత్తగానే లోని వేడి బయటికి పోయి సూచి పడిపోవును. యంత్రము అది నిప్పు తగ్గుటయని భ్రమించి ఫానును ముమ్మరముగా త్రిప్పును. మూత వేయునప్పటికి బొగ్గు భగ్గుమని యుండును, గతదోషముల మొత్తము పేరుకొని యంత్రమును ఇంకను ఊదుమని ప్రేరేపించుచుండును. ఆ పొంగు అణగుటకు గంట పట్టుటయు కలదు. కావున వేడి హఠాత్తుగా పడిపోయినచో అది మూత తెరచుటయే యని గుర్తించి కొంతసేపు ఫానును ఆపివేయవలెనని లెక్కలో ప్రత్యేకముగా వ్రాయుదురు. కందకము కాచిన వృద్ధుడు మాటిమాటికి పొయ్యి తెరువవద్దని పిల్లలను అదలించుటకు హేతువు ఇదే. యంత్రమునకును ఆ బుద్ధియే చెప్పవలసివచ్చినది. అరకొర గాలితో కాలు బొగ్గునుండి ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడు వెలువడునుగనుక, ఇదంతయు ఆరుబయట జరుగవలసిన పనియే యని వేరుగ చెప్పనక్కరలేదు.

గాలిని విడిచి ఇంధనమునే కొలిచి పోయుట మరియొక మార్గము. ఆరిగను రాష్ట్రమున జో ట్రేగర్ 1980 దశకమున కలపపొట్టును గుళికలుగా అదిమి, మరచుట్టు గల గొట్టముతో నిప్పులోనికి కొంచెము కొంచెముగా నెట్టు పొయ్యిని రూపొందించెను. అందు నియామకము సుకరము. గుళికలు ఎన్ని పోయిన అంతయే మంట. కాని బొగ్గును ప్రేమించువారికి అది రుచింపలేదు. నిండుగా పోసిన నిప్పును ఊపిరి బిగబట్టించి నడపుటలోని ప్రౌఢిమయే వారిని ఆకర్షించుచున్నది.

పైన చెప్పిన చరిత్రను ఒక్కచో పరికించినచో ఒక విషయము స్ఫుటమగుచున్నది. రోమ్యూర్ గ్రంథమునకు వెనుక కనురెప్పతో గ్రుడ్డును పరీక్షించిన ఐగుప్తు పనివాడు కలడు. జాన్సను గంటకు వెనుక గదిగదికి తిరిగిన బడి నౌకరు కలడు. మినోర్‌స్కీ సూత్రమునకు వెనుక చుక్కాని పట్టిన నావికుడు కలడు. బొగ్గుపీపాకు వెనుక కందకము కాచిన ఆఫ్రికా బానిస కలడు. ఏ నియామకమును శూన్యమునుండి పుట్టలేదు. ఒక కాపరి తన దేహముతో చేయుచుండిన పనిని ఎవరో గమనించి, దానిని కొలతలుగా, అంకెలుగా మార్చినప్పుడే ప్రతి యంత్రమును పుట్టెను. హక్కుపత్రములు గమనించినవాని పేర వెలువడినవి; గమనింపబడినవాడు చరిత్రనుండి తప్పుకొనెను.

ఇంటిలో ఈ పెట్టెను నిర్మించుకొనువాని విశిష్టత ఇచటనే యున్నది. అతడు గమనించువాడును గమనింపబడువాడును తానే కావలసియుండును. మూడు గుణకములకు తగిన విలువలు ఏ పుస్తకమునందును దొరకవు. రేకు పీపా త్వరగా వేడెక్కి త్వరగా చల్లారును, పింగాణీ కమాడో వేడిని గంటల తరబడి దాచుకొనును, ఒకరి అంకెలు మరియొకరికి పనికిరావు. అందుచేత అతడు పొయ్యి ప్రక్కన కూర్చుండి, గాలి ఇచ్చిన ఎంతసేపటికి సెగ లేచుచున్నది, ఆపిన ఎంతసేపటికి దిగుచున్నది, ఏ బొగ్గు ఏ విధముగా మారాము చేయుచున్నది కనిపెట్టి, ఆ యనుభవమును అంకెలుగా వ్రాసికొనవలెను. నిద్ర కొరకు నిర్మించుకొను యంత్రమునకై మొదట కొన్ని రాత్రులు మేల్కొనవలసివచ్చును. అంగడిలో కొన్నవాడు ఈ విద్యను పొందకయే ఫలమును పొందును. కట్టుకొన్నవాడు ముందుగా కాపరి యై, ఆ పిమ్మటనే యంత్రకారుడగును. యంత్రమునకు అతడు ఇచ్చివేయునది జాగరణమును మాత్రమే. నిప్పును గూర్చి నేర్చినది అతనియందే యుండును, మరునాడు కరెంటు పోయినను తూమును చేతితో త్రిప్పి వంటను ముగింపగలడు. చేతివిద్యలు యంత్రములచే నశించునని చింతించుట మనకు పరిపాటి యైనది. ఆ చింత అసత్యము గాకున్నను, ఇచట దానికి కొంత పరిహారము కలదు: ఒక విద్యను యంత్రమునకు బోధింపదలచినవాడు తాను దానిని సంపూర్ణముగా నేర్వక తప్పదు, నేర్చిన పిమ్మట తనకు పూర్వము దానిని దేహబలముతోనే సాధించినవారి ఘనత యెంతటిదో అందరికన్న బాగుగా అతడే యెరుగును.